పట్టుదారంతో కుట్టిన పేజీలు

జుట్టు మళ్ళీ మొలిచింది. ముందు ఎలుకపిల్ల బొచ్చులా వచ్చింది, ఇప్పుడు దువ్వెనకు అందుతోంది. జన్మంతా తిన్నగా ఉన్న జుట్టు ఇప్పుడు ఉంగరాలు తిరిగింది. మా అత్త చూసి, "ఆస్పత్రోళ్ళు తల మార్చి పంపినట్లుండారే" అంది. ధర్మవరం వీధిలో ఎవరైనా ఆపి "ఎట్లుండాది పానం?" అంటే "బాగుండాది" అని చెప్పగలుగుతున్నాను. అది నిజమే. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ముందే కూర్చుని ఉంటే కాగితం మీద ఏడుపు తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

మా ఆయన రామాంజి పట్టుచీరలు నేస్తాడు. ఇంట్లోనే గుంత మగ్గం. నేను పట్టు చుట్టేదాన్ని, ఆయన నేసేవాడు. పాప హారిక అనంతపురంలో డిగ్రీ చదువుతోంది. అత్త వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ ఉంటుంది. ఇంతే మా సంసారం.

ఇందులో ఒక పుస్తకం కూడా ఉంది, దాని సంగతి ముందే చెప్పాలి. మా నాయనకు యాడికిలో చిల్లర కొట్టు ఉండేది. నా చిన్నప్పుడు రష్యా దేశపు పుస్తకాలు తెలుగులో అచ్చేసి బండి మీద తెచ్చి చవగ్గా అమ్మేవాళ్ళు. నాయన వాటిని చదవడానికి కొనలేదు. కాగితం గట్టిగా ఉంది, పొట్లాలకు పనికొస్తుందని కొన్నాడు. వాటిల్లో ఒక లావుపాటి పుస్తకాన్ని నేను గల్లాపెట్టె పక్కనుంచి లాక్కున్నాను. పాతకాలపు రష్యావాళ్ళు రాసిన నవలికలు. ప్రేమ, చావు, మనిషి ఎందుకు బతకాలి, ఈ మూడు తప్ప వాళ్ళకు వేరే పని ఉన్నట్టు కనపడదు. నేను లాక్కునేసరికే మొదటి కథలో మొదటి పేజీలు ఆవాల పొట్లాలై పోయాయి. ఆ కథ ఎలా మొదలవుతుందో నాకు ఈ రోజుకీ తెలియదు.

పెళ్ళైనప్పుడు ఆ పుస్తకాన్ని పెట్టె అడుగున పెట్టుకొని వచ్చాను. అన్ని కథలూ చదివాను గానీ ఆఖరుది, అన్నిటికన్నా పెద్దది, వదిలేశాను. అది రోగం కథ. పదహారేళ్ళ పిల్ల రోగం కథ ఎందుకు చదువుతుంది?

ఫిబ్రవరి

శివరాత్రి ముందర స్నానం చేస్తుంటే రొమ్ములో చింతగింజ అంత గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమెలా అవుతుందని నా తెలివి. హారిక సెలవుకు వచ్చినప్పుడు మాటల్లో చెప్పాను. అది నా మీద అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు. ఆ అరుపుకు నేను రుణపడి ఉన్నాను. ఇది చదివే ఆడవాళ్ళు ఎవరైనా చేతికి అలాంటిది తగిలితే, పండగ పోనీ, పెండ్లి కానీ అని ఆగకండి.

ధర్మవరంలో చూపించుకుంటే అనంతపురం పొమ్మన్నారు, అనంతపురంలో బెంగళూరు పొమ్మన్నారు. నాకేం రోగమో నాతో ఎవరూ అనలేదు. కానీ బెంగళూరు ఆసుపత్రి గేటు మీద కన్నడంలో పెద్ద అక్షరాలతో రాసి ఉంది, మన అక్షరాల్లాంటివే, నాకు చదవడం వచ్చు.

మార్చి

ఆపరేషనుకు ముందు డాక్టరు మా ఆయనను ఒక్కడినే లోపలికి పిలిచాడు. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. రోగం నాది, మాట ఆయనతో. అప్పుడు నాకది వింతగా కూడా అనిపించలేదు, మన దగ్గర అంతే కదా.

తలుపు తీసుకుని ఆయన బయటికి వచ్చాడు. నన్ను దాటుకుని లిఫ్టు దాకా నడిచిపోయాడు. అక్కడ నేను గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు.

"ఏం చెప్పినాడు?" అన్నాను.

"ఏమీ లే. మందులేస్తే పోతాదంట."

"అంతసేపు అదే చెప్పినాడా?"

"అదేప్పా, అదే. పద, టీ తాగుదాం."

ఆయన టీలో చక్కెర లేదు. ఆయనకది తెలియలేదు, మొత్తం తాగేశాడు. మూడు చెంచాలు వేసినా చప్పగా ఉందని గొణిగే మనిషి.

ఆపరేషను గురించి రాయను. నిద్రపోయాను, లేచాను, ఒకవైపు కట్టు. కొన్నాళ్ళు అద్దాన్ని గోడకు తిప్పి పెట్టుకున్నాను. ఒకరోజు అత్త దాన్ని ఏమీ అనకుండా మళ్ళీ ఇటు తిప్పింది.

ఏప్రిల్, మే

ఇరవైయొక్క రోజులకొకసారి బెంగళూరులో మందు ఎక్కించేవాళ్ళు. పొద్దున రైలెక్కి పోవడం, ఆ పెద్ద హాల్లో టోకెను పట్టుకుని కూర్చోవడం. అక్కడ కూర్చున్నవాళ్ళకు కులం, ఊరు, ఉద్యోగం అడగాల్సిన పని ఉండదు. తలకు గుడ్డ చుట్టుకున్నవాళ్ళంతా ఒకటే.

అక్కడే నాగక్క కలిసింది. కంబదూరు దగ్గర పల్లె ఆమెది. నాకన్నా పెద్దది, వానను నమ్ముకుని శెనక్కాయ వేసే రైతు. మొదటిరోజే నా పక్కన కూలబడి, ఒళ్ళోని మూటలోంచి ఉడికించిన కాయలు గుప్పెడు నా చేతిలో పోసింది.

"తిను పాపా. ఆ మందుకు నోరు ఇనుము నాకినట్లుంటాది. ఉప్పుకాయ ఒకటే తెలుస్తాది నోటికి."

నిజమే, అదొక్కటే తెలిసింది.

టోకెను పిలిచేదాకా కాలం గడవాలి కదా, రెండోసారి పోయినప్పుడు రష్యా పుస్తకం తీసుకుపోయాను. నాగక్కకు చదువు రాదు. నేను చదివి కథ చెప్పేదాన్ని. ఆ పేర్లు నోరు తిరగవు కాబట్టి మేమే పేర్లు పెట్టుకున్నాం. రేవు దగ్గర పడవ నడిపేవాడు ఏటికేడు ఒక విధవరాలి కోసం కాచుకుని ఉండే కథ చెప్తే, నాగక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇద్దరు అన్నదమ్ములు చలికాలమంతా ఒకే గదిలో కూర్చుని, మనిషి ఎందుకు బతకాలని వాదించుకునే కథ చెప్తే మాత్రం ఆమెకు కోపం వచ్చింది.

"పొద్దున లేస్తానే కలుపుకు పోవాల్సుంటే ఈ పోట్లాట వచ్చునా? వాళ్ళకి అన్నం ఎవరు చేసి పెడ్తాండారంట?"

కథలో ఒక వంటమనిషి ఉంది, ఆమెకు పేరు కూడా లేదు. నాగక్క అడిగేదాకా నేను ఆమెను పట్టించుకోలేదు.

మా ఆయన వెనక బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకునేవాడు. నేను మందు ఎక్కించుకోవడానికి లోపలికి పోయేటప్పుడు పుస్తకం, చెప్పులు, సంచి ఆయనకు అప్పగించేదాన్ని. మా ఆయన పేపర్లో పట్టు రేటు తప్ప ఇంకేమీ చదివినట్టు నేనెప్పుడూ చూడలేదు.

మూడోసారికి ఆఖరు కథ మొదలుపెట్టాం. అడవి లెక్కలు చూసే ఒక గుమాస్తా, పెళ్ళాంతో మంచులో గుర్రబ్బండి మీద పోతూ దారిలో జబ్బు పడతాడు. గుర్రాలు మార్చే సత్రంలో పడుకోబెడతారు. నాగక్క అతనికి 'అడవాయప్ప' అని పేరు పెట్టింది. అడవాయప్పకు జ్వరం పెరిగి, పెళ్ళాం చెయ్యి పట్టుకుని "నేను బతుకుతానా?" అని అడుగుతాడు. ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంటుంది. సరిగ్గా అక్కడ నా టోకెను పిలిచారు.

"మళ్ళ వచ్చినప్పుడు చెప్పల్ల నువ్వు, ఆయప్ప బతికినాడా సచ్చినాడా" అంది నాగక్క.

జూన్

ఇంట్లో అందరూ మంచివాళ్ళైపోయారు. ఇది వినడానికి బాగుంటుంది గానీ, అనుభవించేవాళ్ళకు తెలుస్తుంది. పెళ్ళైన దగ్గర్నుంచి నా వంటకు వంక పెట్టని పూట లేని అత్త, నేను మాడ్చిన అన్నం కూడా బాగుందనేది. ఆడబిడ్డలు పండ్లు పట్టుకుని వచ్చి, గుమ్మంలో కళ్ళు తుడుచుకుని, లోపలికి నవ్వుతూ వచ్చేవాళ్ళు. మా ఆయన నా మీద విసుక్కుని ఎన్నాళ్ళైందో! ఒక్కసారి విసుక్కుంటే బాగుండునని మొక్కుకున్నాను. పోయేవాళ్ళను తప్ప మనవాళ్ళు ఇంత బాగా చూసుకోరు.

మగ్గం సంగతి ఇంకా భయపెట్టింది. చీర నేసి కోసి దించాక, పడుగు అనే నిలువు పోగుల పాత కొసలు మగ్గం మీదే ఉంచుతారు. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా ఆ కొసలకు పురిపెట్టి అతుకుతారు. అది అయితేగాని తర్వాతి చీర లేదు. మా ఆయన మార్చిలో వంకాయ రంగు చీర ఒకటి దించాడు. కొత్త పడుగు తెచ్చి గోడకు చుట్ట పెట్టాడు. జూన్ వచ్చినా అతకలేదు. కొసలు అలాగే వేలాడుతున్నాయి.

మా అత్తకొక పట్టింపు ఉంది. ధర్మవరం చీర అంటే పెండ్లి చీర. సగం నేసిన చీరకు చావుమైల తగిలితే ఆ చీర ఏ పెండ్లికీ పనికిరాదంటుంది. అందుకే మామ ఆఖరి రోజుల్లో మా ఆయనను మగ్గం ఎక్కనివ్వలేదు. అప్పుడూ కొసలు ఇలాగే వేలాడాయి. ఆ ఇంట్లోనే ఉన్నదాన్ని, నాకు తెలియదా? ఎవరూ నోరు విప్పలేదు గానీ, మగ్గమే చెప్పేసింది అనుకున్నాను.

నాలుగోసారి మందు ఎక్కించుకున్నాక మంచం దిగలేకపోయాను. వేళ్ళ చివర తిమ్మిరి, పట్టుపోగు పట్టుకుంటే ఉందో లేదో తెలియదు. మందుకు పోయిన ఆ రోజు నాగక్క హాల్లో కనపడలేదు కూడా. ఎవరిని అడిగినా తెలియదన్నారు. ఆమె చోట ఇంకెవరో కూర్చుని ఉన్నారు.

ఇంటికొచ్చి చెప్పేశాను. "ఇంక బెంగళూరుకు రాను. పోయేదానికి ఇన్ని తిప్పలెందుకు?"

మా ఆయన లేచి మగ్గం దగ్గరికి పోయాడు. అత్త మాత్రం నా తలాపున ఉన్న పుస్తకం చూసి మండిపడింది. "మంచం మీద మనిషుండే ఇంట్లో ఆ సావు కతలేంది? దాన్ని పొయ్యిలో పెట్టండి ముందు."

రెండు రోజుల తర్వాత కాస్త కూర్చోగలిగి, అడవాయప్ప ఏమయ్యాడో చూద్దామని పుస్తకం తెరిచాను. పెళ్ళాం కిటికీ వైపు తిరిగే పేజీ ఉంది. ఇంకో రెండు ఆకుల తర్వాత, ఆఖరు దాకా ఉన్న పేజీలన్నీ కలిపి కుట్టేసి ఉన్నాయి. అంచు పొడవునా, చీర అంచు పట్టినంత నీటుగా, వంకాయ రంగు పట్టుదారంతో.

అత్త పనే అనుకుని కేక వెయ్యబోయి ఆగాను. ముడి దగ్గర వేలు పెట్టి చూశాను. వేలికి తెలియలేదు, కిటికీ దగ్గరికి తీసుకుపోయి కంటితో చూశాను. మా వీధిలో అందరూ పోగును కుడికి పురిపెడతారు. ఈ పురి ఎడమకు తిరిగి ఉంది, కొస కాస్త పొడుగ్గా వదిలి ఉంది. మా ఇంట్లో ఎడమచేతి వాటం మనిషి ఒక్కడే.

అంటే ఆయన చదివాడు. నేను లోపల మందు ఎక్కించుకుంటుంటే, ఆ బెంచీ మీద కూర్చుని, పేపరు కూడా తిన్నగా చదవని మనిషి ఈ కథంతా చదివాడు. చదివి, నా కంట పడకూడదని కుట్టేశాడు. అడవాయప్ప చచ్చిపోయాడన్నమాట. నేనూ అంతే అన్నమాట. నాకు చావంటే కలిగిన భయం కన్నా, ఈ మనిషి ఇదంతా ఒక్కడే మోసుకుని తిరుగుతున్నాడే అన్న బాధ ఎక్కువైంది. కోపమూ వచ్చింది.

పుస్తకం పట్టుకుని మగ్గం దగ్గరికి పోయాను. ఆయన గుంత అంచున ఊరికే కూర్చుని ఉన్నాడు.

"ఇది ఎందుకు కుట్టినావు?"

ఆయన వేలాడే పడుగు కొసను వేలికి చుట్టుకుంటూ ఉన్నాడు.

"నిన్నే అడుగుతాండా. ఎందుకు కుట్టినావయ్యా?"

"సచ్చిపోతాడు గదా ఆయప్ప" అన్నాడు, చిన్నపిల్లాడు తప్పు ఒప్పుకున్నట్టు. "నీకెందుకు ఇప్పుడది?"

"ఆఖరుదాకా చదివినావా?"

"పూజారిని పిలిపించినారు. చేతిలో దీపం పెట్టినారు. పెండ్లాము గోడకు ఒరిగిపోయింది. ఇంకేముండాది చదివేకి? నా చేత కాల్యా."

మగ్గం మీద ఉన్న బ్లేడు తీసుకుని దారం కోశాను. వద్దు వద్దు అంటూ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నేను వినలేదు. తెలియకుండా ఉండడం నాకు ఇక చాలు. నిలబడే, పైకి చదవడం మొదలుపెట్టాను.

పూజారి ప్రార్థన చేసి వెళ్ళిపోతాడు. దీపం ఆరిపోతుంది. తెల్లవారుతుంది. అడవాయప్ప కళ్ళు తెరిచి, "ఆ వాసన క్యాబేజీ చారుదేనా?" అని అడుగుతాడు. సత్రంవాళ్ళు గిన్నెలో పోసి ఇస్తారు. అతను తాగుతుంటే, అన్ని రోజులూ కంట నీరు పెట్టని పెళ్ళాం అప్పుడు ఏడుస్తుంది. ఆ తర్వాత ఇంకా చాలా పేజీలు ఉన్నాయి. వాళ్ళు ఊరు చేరతారు, పోట్లాడుకుంటారు, పిల్లకు పెళ్ళి చేస్తారు. ముసలివాడయ్యాక ఎప్పుడో, ఒక్క వాక్యంలో చచ్చిపోతాడు.

మా ఆయన పుస్తకం నా చేతిలోంచి లాక్కున్నాడు. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, ఆ చారు దగ్గర మళ్ళీ చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"బతికినాడే" అన్నాడు.

"బతికినోణ్ణి నువ్వు సంపి కుట్టేసినావు" అన్నాను. నవ్వొచ్చింది, దాంతోపాటే ఇంకొకటి తట్టింది. ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఏమయ్యా, ఆ పొద్దు డాక్టరు ఏం చెప్పినాడు? మొదటి నుంచి చెప్పు."

"క్యాన్సర్ అని చెప్పినాడు."

"ఆ తర్వాత?"

పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ తర్వాత మాట్లాడ్తానే ఉన్నాడు. నాకేమీ ఇనపడల్యా."

"అంతసేపూ?"

"నోరు కదుల్తాంటే చూసినా. అంతే."

మూడు నెలలుగా నా చావును ఆ ముఖంలో చూసుకుంటూ బతికాను. ఆ ముఖానికే ఏమీ తెలియదు.

జూలై

బెంగళూరుకు రానన్న మాట వెనక్కి తీసుకున్నాను. ఈసారి బయట కూర్చోలేదు. డాక్టరు గదిలోకి ఇద్దరం కలిసి వెళ్ళాం. నేనే అడిగాను. డాక్టరు నన్నూ మా ఆయననూ మార్చి మార్చి చూసి, నాకూ అర్థమయ్యేలా కన్నడంలో నిదానంగా చెప్పాడు. గడ్డ తొందరగా దొరికింది. పక్కకు పాకలేదు. మందులు పూర్తిగా తీసుకుంటే బాగుపడేవాళ్ళే ఎక్కువ. మాట ఇవ్వలేను గానీ నమ్మకం ఉందన్నాడు. మధ్యలో మాత్రం మానకూడదు, తర్వాత కూడా వచ్చి చూపించుకుంటూ ఉండాలి.

"ఇదంతా మొదటిరోజే చెప్పాను కదా" అన్నాడు.

మా ఆయన బెంగళూరు షావుకార్లకు చీరలు అమ్మిన మనిషి, కన్నడం నీళ్ళలా వచ్చు. అయినా లేచి నిలబడి చేతులు జోడించాడు. "ఇన్నొందు సల హేళి సార్."

డాక్టరు ఇంకొకసారి చెప్పాడు. చాలా మంచివాడు. మీరెవరైనా ఆ గదిలోకి పోవలసి వస్తే, మీ రోగం గురించి మీరే అడగండి. వెంట ఇంకొకరిని తీసుకుపోండి. ఒకరి చెవులు మూసుకుపోతే ఇంకొకరివి తెరిచి ఉంటాయి.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన స్నానం చేసి, గోడ మీది కొత్త పడుగు దించుకుని, మగ్గం గుంతలో దిగాడు. పట్టు జారకుండా వేళ్ళకు బూడిద రాసుకుని పోగులు అతకడం మొదలుపెట్టాడు. అత్త వాకిట్లోంచి చూసింది. పట్టింపు గుర్తుచేస్తుందేమో అనుకున్నాను. "ఏం రంగురా?" అని మాత్రం అడిగింది.

మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. నాగక్క!

"యాడ పోయినావక్కా? నేను భయపడి సచ్చినా" అన్నాను.

"వాన పడె పాపా! ఇన్నేండ్లకి అదునుకు పడె. ఒక వారం ఆగొచ్చా అని ఆస్పత్రికి ఫోన్ చేపిచ్చి అడిగినా, డాక్టరు సరే అనె. ఇత్తనం ఏసి, వారం దాటినాక పోయి మందు ఏయించుకొని వచ్చినా. నువ్వు కనపడకపోతే, ఆడ నర్సమ్మను నీ నంబరు అడిగి తీసుకుంటి. చెప్పు, ఆయప్ప బతికినాడా?"

"బతికినాడక్కా. చారు అడిగి తాగినాడు."

అవతల తృప్తిగా నవ్వింది. తర్వాత అడిగింది.

"మరి ఆయమ్మ? అన్ని దినాలు మంచం కాడ్నే కూచ్చున్నింది గదా ఆ పెండ్లాము. ఆయమ్మకు ఎవరన్నా పెట్టినారా ఇంత కూడు?"

పుస్తకంలో ఆ సంగతి లేదు. నేను మగ్గం వైపు చూశాను. అత్త పొద్దున తెచ్చి పెట్టిన సంగటి పళ్ళెం గుంత పక్కనే ఉంది. ముద్ద మీద పొర కట్టి ఎండిపోయింది. ఆయన వంగి పోగు మీద పోగు అతుకుతున్నాడు. భుజాల మీద చొక్కా వేరే మనిషిది తొడుక్కున్నట్టు వేలాడుతోంది. ఈ నెలల్లో ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ నేను ఏం తిన్నానో అడిగారు. ఆయనను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయాను. జబ్బు పడ్డాక మొదటిసారి సంగటి కెలికాను. చెయ్యి లాగింది, అయినా కెలికాను. వేళ్ళకు వేడి తెలియక కాస్త కాల్చుకున్నాను. ఊరిబిండి పచ్చడి నూరాను. తీసుకుపోయి ఆయన ముందు పెట్టి, "చేతులు కడుక్కొని రా" అన్నాను.

"ఈ వరస అయిపోనీ" అన్నాడు.

"ఇప్పుడే రా."

వచ్చి కూర్చున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

"ఏమ్మే, ఉప్పు ఎక్కువైంది."

ఇన్ని నెలల తర్వాత, వంక పెట్టాడు. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఆపరేషనప్పుడు ఏడవలేదు, జుట్టు రాలినప్పుడు ఏడవలేదు. ఆయన తింటూ ఉంటే ఏడ్చాను. తిండికి అడ్డం రాకుండా, ఆగకుండా, ఆయన పళ్ళెం ఖాళీ చేసేదాకా ఏడ్చాను.